మగ సింహానికి టైమ్ తక్కువ: ఆఫ్రికా ప్రైడ్‌లలో అసలు ఏం జరుగుతుంది

ఫోన్‌లో సఫారీ వీడియోలు చూసేవాళ్లకి ఒక క్లిప్ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. జూలున్న పెద్ద మగ సింహం పొదల్లోంచి బయటికొస్తుంది. దాని నోట్లో చిన్న కూన వేలాడుతుంటుంది. దూరంగా తల్లి అరుస్తుంటుంది. కింద "సొంత పిల్లల్ని చంపిన తండ్రి" అని రాసి ఉంటుంది. తర్వాతి క్లిప్‌లో ఇంకో మగ సింహం, కూనలు తోక కొరుకుతున్నా ఓపిగ్గా పడుకుని ఉంటుంది. ఇంకోదాంట్లో ఆడ సింహాలు కిందామీదా పడి జీబ్రాను పడగొడితే, మగది తాపీగా వచ్చి వాటిని నెట్టేసి తినడం మొదలుపెడుతుంది. చూసేవాళ్లకి అయోమయంగా ఉంటుంది. ఈ జంతువు క్రూరమైనదా, పిల్లల మీద ప్రేమున్నదా, లేక ఒట్టి సోమరా?

వీడియోల్లో కనబడేవి మూడూ నిజంగా జరిగేవే. కాకపోతే "సొంత పిల్లల్ని" అన్న మాట దాదాపు ఎప్పుడూ తప్పు. మిగతాది అర్థం కావాలంటే వీడియోలో కనబడని ఒక సంగతి తెలియాలి. మగ సింహం ఒక గుంపుతో ఉండగలిగే కాలం సగటున రెండు మూడేళ్లే. అది చేసే పనుల్లో చాలావాటికి మూలం ఆ గడువులోనే ఉంది.

ప్రైడ్‌లో ఉండిపోయేది ఎవరు, వచ్చిపోయేది ఎవరు

సింహాల గుంపును ప్రైడ్ అంటారు. అందులో స్థిరంగా ఉండేవి ఆడ సింహాలు. తల్లులు, కూతుళ్లు, అక్కచెల్లెళ్లు, అమ్మమ్మలు, మనవరాళ్లు, అంతా ఒకే ఇంటి ఆడవాళ్లు. ఆడ కూనల్లో ఎక్కువభాగం పెద్దయ్యాక కూడా పుట్టినచోటే ఉంటాయి. అదే వాగు, అవే రాతిగుట్టలు, అవే నీటి మడుగులు తరాల తరబడి వాటి చేతిలోనే ఉంటాయి. మగవి మాత్రం ఎక్కడో పుట్టి, బయటినుంచి వచ్చి చేరతాయి. వాటిని తరిమేసే ఇంకో మగ జట్టు వచ్చిందాకా ఉంటాయి.

ప్రైడ్ అంటే ఎప్పుడూ ఒకేచోట కూర్చునే గుంపు అనుకోకూడదు. పదిహేను సింహాలున్న ప్రైడ్ కూడా ఇద్దరిద్దరుగా, నలుగురైదుగురుగా విడిపోయి తమ ఇలాకా అంతా తిరుగుతుంటుంది. మళ్లీ ఎక్కడో కలుస్తుంది. అందుకే ఒక పూట జీపులో వెళ్లి మూడు సింహాలను చూసినవాళ్లకి అవి ఒక కుటుంబమో, ఓ పెద్ద కుటుంబంలో ముక్కో తెలిసే వీలు లేదు.

ఇది తెలియాలంటే ఏళ్ల తరబడి అవే సింహాలను చూడాలి. టాంజానియాలోని సెరెంగెటిలో ఆ పని 1966లో జంతుశాస్త్రవేత్త జార్జ్ షాలర్‌తో మొదలైంది. 1978 నుంచి పరిశోధకులు క్రెయిగ్ ప్యాకర్, ఆన్ ప్యూసీ దాన్ని ముందుకు తీసుకెళ్లారు. ప్రతి సింహానికీ మీసాల మొదళ్లలో నల్ల చుక్కల వరసలుంటాయి. పై వరసలో చుక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయన్నది మన వేలిముద్రల్లాగే ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. ఆ చుక్కలు, చెవి చిరుగులు, మచ్చలు కార్డుల మీద గీసుకుని, ఏ కూన ఎవరికి పుట్టింది, ఎప్పుడు మాయమైంది, ఏ మగవి ఎప్పుడొచ్చాయి అన్నది ఏళ్ల తరబడి రాసిపెట్టారు. సింహాల కుటుంబ జీవితం గురించి మనకు తెలిసినదాంట్లో పెద్ద భాగం ఆ కార్డుల నుంచి వచ్చిందే.

మగ కూన నుంచి ముసలి సింహం దాకా

మగ కూనకి రెండు మూడేళ్లు వచ్చేసరికి ఇల్లు వదలక తప్పదు. కొత్త మగవి వచ్చి తరిమేస్తాయి, లేదా తండ్రులే మెల్లగా దూరం పెడతాయి. ఆ తర్వాత ఒకటి రెండేళ్లు దేశదిమ్మరి బతుకు. వేట సొంతంగా నేర్చుకోవాలి. హైనాల దగ్గర లాక్కోవాలి. ఇతర మగ సింహాల ఇలాకాలోంచి చప్పుడు లేకుండా దాటుకోవాలి. చప్పుడు లేకుండా అన్నది ఉత్తమాట కాదు. సొంత ప్రైడ్ ఉన్న మగవి రాత్రంతా గర్జిస్తాయి, ఆ గర్జన ఎనిమిది కిలోమీటర్ల దాకా వినబడుతుంది. దేశదిమ్మరి మగవి మాత్రం, ఒళ్లు పూర్తిగా ఎదిగాక కూడా, గర్జించవు. గర్జిస్తే తానెక్కడుందో ఆ ఇలాకా మగవాటికి చెప్పినట్టే.

నాలుగైదేళ్లకి బలం వస్తుంది. అప్పుడు ఏదో ఒక ప్రైడ్ మీదికి వెళ్లి, అక్కడున్న మగవాటిని ఓడిస్తే చోటు దొరుకుతుంది. రెండు మూడేళ్ల తర్వాత అవే ఓడిపోతాయి. ఓడినవాటిలో కొన్ని గాయాలతో చచ్చిపోతాయి, కొన్ని మళ్లీ తిరుగుళ్లకి పోతాయి. అడవిలో మగ సింహం పన్నెండేళ్లు దాటడం అరుదు. ఆడవి పదిహేను దాకా కూడా బతుకుతాయి.

కూనలను ఎందుకు చంపుతుంది: నెలల్లో ఒక లెక్క

ఇక అందరినీ కలవరపెట్టే విషయం. కూనలను చంపేది సాధారణంగా తండ్రి కాదు, తండ్రిని తరిమేసి కొత్తగా వచ్చిన మగ సింహం. సెరెంగెటి లెక్కల ప్రకారం ఏడాదిలోపు చనిపోయే కూనల్లో దాదాపు నాలుగో వంతు ఇలా చనిపోయినవే.

కారణం అర్థమవ్వాలంటే తల్లి శరీరం సంగతి చూడాలి. కూనలు బతికుండి, తన మీదే ఆధారపడి ఉన్నంతకాలం తల్లి సింహం మళ్లీ ఎదకు రాదు. మామూలుగా రెండు కాన్పుల మధ్య రెండేళ్ల దాకా ఎడం ఉంటుంది. అదే కూనలు పోతే త్వరలోనే ఎదకు వస్తుంది.

ఉజ్జాయింపుగా ఒక లెక్క వేద్దాం. కొత్త మగ సింహం వచ్చేసరికి ప్రైడ్‌లో నాలుగు నెలల కూనలున్నాయి అనుకోండి.

అది ఓపిక పట్టిందనుకుందాం. కూనలకి ఏడాదిన్నర నిండేదాకా, అంటే ఇంకో 14 నెలలు తల్లి ఎదకు రాదు. తర్వాత గర్భం సుమారు 110 రోజులు, అంటే మూడున్నర నెలల పైచిలుకు. పుట్టిన పిల్లలు తమంత తాము నిలదొక్కుకోవడానికి ఇంకో రెండేళ్లు, అంటే 24 నెలలు. మొత్తం 42 నెలలకు దగ్గర.

చంపిందనుకుందాం. తల్లి త్వరగానే ఎదకు వస్తుంది. అయితే కొత్త మగవి వచ్చిన తొలి నెలల్లో ఆడ సింహాలు ఎన్నిసార్లు జతకట్టినా చూలు నిలవడం తక్కువ. దానికో మూడు నాలుగు నెలలు వేసుకుందాం. గర్భం మూడున్నర నెలలు, పెంపకం 24 నెలలు. మొత్తం 31 దగ్గర ఆగుతుంది.

మగదానికి ఉన్న గడువు 24 నుంచి 36 నెలలు. మొదటి దారిలో వెళ్తే దాని పిల్లలు పెద్దవయ్యేలోపే ఇంకో మగ జట్టు వచ్చి వాటిని చంపేస్తుంది. రెండో దారిలో అతికష్టం మీద సరిపోతుంది. సింహం కూర్చుని ఈ లెక్క వేయదు. కానీ పరాయి కూనలను సహించిన మగవాటికి సంతానం మిగలడం కష్టమైంది. చంపినవాటి సంతానం మిగిలి, ఆ స్వభావం తర్వాతి తరాలకి వచ్చింది.

ఈ వివరణకి మన దేశంతో సంబంధముంది. 1960లలో జపాన్ శాస్త్రవేత్త యుకిమారు సుగియామా కర్ణాటకలోని ధార్వాడ దగ్గర కొండముచ్చుల గుంపుల్లో కొత్త మగది పిల్లలను చంపడం గమనించి రాశారు. 1970లలో అమెరికా పరిశోధకురాలు సారా హర్డీ రాజస్థాన్‌లోని మౌంట్ ఆబూలో కొండముచ్చులను పరిశీలించి, ఇది మతిచెడి చేసే పని కాదని, సంతానం కోసం మగవాటి మధ్య పోటీలో భాగమని వాదించారు. సింహాల విషయంలోనూ అదే తర్కం నిలబడింది.

అందరూ ఒప్పుకోలేదు. జిరాఫీల పరిశోధనతో పేరుపొందిన కెనడా జంతుశాస్త్రవేత్త ఆన్ ఇనిస్ డాగ్ 1998లో గట్టి అభ్యంతరం చెప్పారు. మగ సింహం కూనను చంపుతుండగా కళ్లారా చూసిన సందర్భాలు చాలా తక్కువ, మిగతావన్నీ కూనలు మాయమవడాన్ని బట్టి చేసిన ఊహలే అన్నది ఆమె వాదన. ఆకలి, రోగం, హైనాలు కూడా కూనలను తీసుకుపోతాయి కదా అన్నారు. అది న్యాయమైన ప్రశ్నే. నేరుగా చూడటం నిజంగానే అరుదు, ఎందుకంటే చాలావరకు రాత్రిళ్లు, పొదల చాటున జరుగుతుంది. కానీ కొత్త మగవి వచ్చిన నెలల్లోనే కూనలు ఒక్కసారిగా మాయమవడం ప్రైడ్ తర్వాత ప్రైడ్‌లో, దశాబ్దాల పాటు కనబడింది. దీన్ని ఆకలితోనో రోగంతోనో వివరించడం కష్టం. ఎంత తరచుగా జరుగుతుందన్నదాని మీద వాదన ఉండొచ్చు గానీ, జరుగుతుందన్నదాని మీద నాకు అనుమానం లేదు.

తల్లులు చూస్తూ ఊరుకోవు

వీడియోల్లో తల్లి నిస్సహాయంగా కనబడుతుంది. ఏళ్ల తరబడి చూసిన రికార్డుల్లో వేరేలా కనబడుతుంది. ఒంటరి మగ సింహం వస్తే ఆడవి కలిసి దాన్ని తరిమికొట్టగలవు. పెద్ద కూనలున్న తల్లులు ప్రైడ్‌ను వదిలేసి, పిల్లలను వెంటబెట్టుకుని హద్దుల మీద దాక్కుంటూ బతుకుతాయి. ఒకేకాలంలో ఈనిన ఆడవి పిల్లలన్నిటినీ ఒకచోట చేర్చి పెంచుతాయి, ఒకదాని పిల్లకి ఇంకోటి పాలిస్తుంది.

సింహాలు గుంపుగా ఎందుకుంటాయి అన్న పాత ప్రశ్నకి ఇక్కడే సమాధానం దొరికింది. కలిసి వేటాడితే ఎక్కువ తిండి దొరుకుతుందని చాలాకాలం అనుకున్నారు. తూచి చూస్తే తలా ఒక్కింటికి వచ్చే మాంసంలో ఆ లాభం అంతగా కనబడలేదు. గుంపు అసలు ఉపయోగం కూనల కాపలాలో, నేల కాపాడుకోవడంలో ఉంది. రెండు వాగులు కలిసేచోట నీళ్లు, నీడ, మాటు అన్నీ ఉంటాయి. అలాంటి చోట్లు పెద్ద ప్రైడ్‌లకే దక్కుతాయి.

కొత్త మగవి వచ్చాక కొన్ని నెలలు చూలు నిలవకపోవడాన్ని కూడా ఆడవాటి రక్షణగానే ప్యాకర్, ప్యూసీ అర్థం చేసుకున్నారు. వచ్చినవి నిజంగా నిలిచేవో కాదో తేలేదాకా ఆడ సింహం గర్భం మోయదు. రెండు నెలల్లో ఇవి కూడా ఓడిపోతే, ఆ కాన్పు వృథా కదా.

ఒంటరిగా గెలవలేదు, కలిస్తే పంచుకోవాలి

గడువు తక్కువ కాబట్టి దాన్ని పొడిగించుకునే దారి ఒకటే: జట్టు కట్టడం. రెండు మూడు మగవి కలవడం మామూలే, అప్పుడప్పుడు ఆరేడు కూడా కలుస్తాయి. దక్షిణాఫ్రికాలోని సాబీ శాండ్ అడవిలో 2006 నుంచి కొన్నేళ్లు ఏలిన మపోగో జట్టులో ఆరు ఉండేవి. ఆ పేరు తెలుగు వీడియోల్లో కూడా తెగ వినబడుతుంది. జట్టు ఎంత పెద్దదైతే అంత త్వరగా ప్రైడ్ దొరుకుతుంది, అంత ఎక్కువకాలం నిలుస్తుంది.

ఇబ్బంది పంపకాల దగ్గర వస్తుంది. 1991లో ప్యాకర్ బృందం డీఎన్ఏతో కూనల తండ్రులెవరో తేల్చింది. ఇద్దరున్న జట్టులో ఇద్దరికీ పిల్లలు పుడుతున్నాయి. జట్టు పెద్దదయ్యేకొద్దీ ఒకటి రెండే ఎక్కువమందికి తండ్రులవుతున్నాయి, మిగతావాటికి దాదాపు ఏమీ లేదు. అలాంటప్పుడు మిగతావి ఎందుకుంటాయి? నాలుగు, అంతకంటే ఎక్కువున్న జట్లన్నీ రక్తసంబంధీకులవే అని అదే పరీక్ష చెప్పింది. అన్న పిల్లల్లో తమ్ముడి రక్తం కూడా ఉంటుంది, కాబట్టి తనకు పిల్లలు లేకపోయినా కాపలా వృథా పోదు. పరాయివాళ్లు కలిసిన జట్లు రెండు, మూడుకి మించి పెరగవు, ఎందుకంటే అక్కడిదాకానే ప్రతి ఒక్కదానికీ ఎంతో కొంత దక్కుతుంది.

తోడు ఎంత విలువైనదో ఉగాండాలో 2024లో లోకం చూసింది. క్వీన్ ఎలిజబెత్ నేషనల్ పార్క్‌లో జేకబ్, టిబు అనే అన్నదమ్ములు రాత్రిపూట కజింగా కాలువలోకి దిగి కిలోమీటరుకు పైగా ఈదడం డ్రోన్ కెమెరాకు చిక్కింది. ఆ నీళ్ల నిండా మొసళ్లు, నీటిగుర్రాలు. జేకబ్‌కి మూడే కాళ్లు, నాలుగోది వేటగాళ్ల ఉచ్చులో పోయింది. అవతలి ఒడ్డున ఆడ సింహాలను వెతుక్కుంటూ దిగి ఉంటాయని పరిశోధకుల అంచనా. మామూలుగా ఒక మగదానికి రెండు ఆడవి ఉండాల్సిన చోట, ఆ పార్క్‌లో లెక్క తిరగబడి ఆడవి తక్కువైపోయాయి. ఆ వీడియో చూసిన ప్రతిసారీ నాకు గుండె పట్టేసినట్టవుతుంది.

సోమరి అన్న పేరు ఎలా వచ్చింది

సింహం రోజులో ఇరవై గంటల దాకా పడుకునే ఉంటుంది. ఆడదీ అంతే. సఫారీ జీపులు తిరిగేది పగలు, సింహాలు పనిచేసేది ఎక్కువగా రాత్రి. హద్దుల వెంట నడవడం, చెట్ల మొదళ్లలో వాసన చిమ్మడం, గర్జించడం, పరాయి మగవాటితో పోరాటం, ఇదంతా జీపులు గేటు దాటి వెళ్లిపోయాక మొదలవుతుంది.

వేట విషయంలో కూడా చూసిన చోటే మనల్ని తప్పుదారి పట్టించింది. సెరెంగెటి గడ్డి మైదానంలో దూరం నుంచే అంతా కనబడుతుంది. అక్కడ ఆడవి కలిసికట్టుగా వేటాడటం చూసి అదే అంతటా నియమం అనుకున్నారు. దక్షిణాఫ్రికాలోని క్రూగర్‌లో పొదలు దట్టం. 2013లో వచ్చిన ఒక పరిశోధనలో సింహాల జీపీఎస్ కాలర్ల సమాచారాన్ని, విమానం నుంచి లేజర్‌తో తీసిన పొదల మ్యాప్‌ను కలిపి చూశారు. మగవి దట్టమైన పొదల్లో మాటువేసి, ఒంటరిగా దూకి చంపుతున్నాయని తేలింది. క్రూగర్ మగ సింహాలు అడవిదున్నలను కూడా పడగొడతాయి. ఆడవి తెచ్చింది లాక్కుని తినడమూ నిజమే. తిరుగుళ్ల కాలంలో మాత్రం ఎవరూ తెచ్చిపెట్టరు, తన తిండి తనే సంపాదించుకోవాలి.

నల్లటి జూలు ఏం చెబుతుంది

జూలు మెడను కాపాడే కవచమని పాత నమ్మకం. పేటన్ వెస్ట్, ప్యాకర్ 2002లో ప్రచురించిన పరిశోధనలో నిలువెత్తు బొమ్మ సింహాలను సెరెంగెటిలో నిలబెట్టారు. కొన్నిటికి నల్ల జూలు, కొన్నిటికి లేత రంగు, కొన్నిటికి పొట్టి, కొన్నిటికి పొడుగు. ఆడవి నల్ల జూలున్న బొమ్మ వైపు వెళ్లాయి. మగవి పొట్టి, లేత జూలున్నదాని వైపు వెళ్లాయి, అంటే ఎదురు నిలవడానికి తేలికైనదాన్ని ఎంచుకున్నాయి. నల్ల జూలున్న మగవాటిలో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ ఎక్కువ, తిండికి లోటుండదు, గాయాల తర్వాత బతికే అవకాశమూ ఎక్కువ. కానీ నల్ల జూలుకి వేడి ఎక్కువ. అందుకే కెన్యాలోని సావో వంటి మంటలాంటి చోట్ల జూలు పలచగా ఉంటుంది, కొన్నిటికి అసలుండదు.

ఒక్క మగదాన్ని కాల్చితే ఎన్ని పోతాయి

2015 జులైలో జింబాబ్వేలోని హ్వాంగే పార్క్ హద్దు బయట సీసిల్ అనే పదమూడేళ్ల సింహాన్ని అమెరికా వేటగాడొకరు చంపినప్పుడు ఈ ప్రశ్న లోకమంతా వినబడింది. సీసిల్‌కి జెరికో అనే తోడు ఉండేది. రెంటికీ రక్తసంబంధం లేదు. సీసిల్ కూనలను జెరికో చంపేస్తుందని చాలామంది భయపడ్డారు. కానీ జెరికో ఆ జట్టులోదే, బయటినుంచి వచ్చింది కాదు, అది వాటిని చంపలేదు. అసలు ప్రమాదం ఏంటంటే, ఇద్దరు కాసేచోట ఒకటే మిగిలితే బయటి జట్టు త్వరగా లోపలికొస్తుంది. అప్పుడు తూటా తగలని కూనలు కూడా పోతాయి.

హ్వాంగేలోనే 1999 నుంచి 2004 వరకు గుర్తులు వేసి చూసిన పెద్ద మగ సింహాల్లో డెబ్బై శాతానికి పైగా వేటగాళ్ల చేతిలో పోయాయి. హద్దు దగ్గర ఖాళీ అయిన చోటికి పార్క్ లోపలి మగవి వచ్చి, అవి కూడా వేటకు దొరికేవి. దీన్ని బట్టి ఇలాంటి వేటను పూర్తిగా ఆపేయాలనేవాళ్లున్నారు. కెన్యా 1977లోనే ఆపేసింది.

ఎదుటి వాదన కూడా వినాలి. వేటకు కేటాయించిన అడవులు చాలా దేశాల్లో నేషనల్ పార్క్‌ల పక్కన పెద్ద విస్తీర్ణంలో ఉన్నాయి. ఫొటో టూరిస్టులు రాని మారుమూల ప్రాంతాలవి. వేట డబ్బు ఆగిపోతే ఆ నేల పొలాలో, పశువుల మేతబీళ్లో అవుతుందని, అప్పుడు సింహాలకు చోటే ఉండదని వాళ్లంటారు. వేట నిషేధమున్న కెన్యాలో కూడా 1977 నుంచి నాలుగు దశాబ్దాల్లో అడవి జంతువుల సంఖ్య బాగా పడిపోయిందని గుర్తుచేస్తారు. 1993 నుంచి 2014 మధ్య సింహాల సంఖ్య సుమారు 43 శాతం తగ్గిందని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం లెక్క. అందుకు పెద్ద కారణాలు నేల పోవడం, ఎర జంతువులు తగ్గడం, పశువులను చంపాయని జనం పగతో విషం పెట్టడం.

మధ్యేమార్గంగా 2004లో కారిల్ విట్‌మన్, ప్యాకర్ బృందం ఒక లెక్క చూపింది. వయసు మళ్లిన మగవాటిని, ఐదారేళ్లు దాటినవాటిని మాత్రమే కాలిస్తే సింహాల సంఖ్య దాదాపు తగ్గదు, ఎందుకంటే అప్పటికి వాటి పిల్లలు ఒక విడత పెద్దవై ఉంటాయి. వయసు తెలుసుకోవడానికి ముక్కు చూడమన్నారు. కూనకి గులాబీ రంగులో ఉండే ముక్కు మీద ఏటేటా నల్లమచ్చలు పెరుగుతాయి. టాంజానియా ఆరేళ్ల నియమం పెట్టింది. పాటించినచోట ఫలితం బాగుంది. చిక్కేమిటంటే ముక్కు నల్లబడే వేగం ప్రాంతాన్ని బట్టి మారుతుంది, పైగా దూరం నుంచి తుపాకీ గురిపెట్టినవాడు దాన్ని నిదానంగా చూస్తాడన్న నమ్మకం లేదు. నా మటుకు నాకు, రెండు పక్షాల్లో నేల గురించి మాట్లాడేవాళ్ల వాదనే బరువైనది, కానీ వయసు నియమం లేని వేటకు ఏ సమర్థనా కనబడదు.

గిర్‌లో కథ వేరు

మన గుజరాత్ గిర్ సింహాలకి ఇదంతా యథాతథంగా వర్తించదు. 2025 లెక్క ప్రకారం అవి 891. అక్కడ మగవి, ఆడవి వేరువేరు గుంపులుగా తిరుగుతాయి, జతకట్టడానికో పెద్ద వేట దొరికినప్పుడో కలుస్తాయి. అక్కడి ముఖ్య ఎరల్లో ఒకటైన చుక్కల జింక చిన్నది, పెద్ద గుంపుకి చాలదు. ఒక్కో ఆడ సింహం ఉండేచోట రెండు మూడు మగ జట్లు తిరుగుతుంటాయి. స్తోత్ర చక్రబర్తి, వై.వి. ఝాలా చేసిన పరిశోధనలో ఆడవి వేరువేరు జట్ల మగవాటితో కలుస్తున్నాయని తేలింది. పుట్టిన కూన తనది కాదని ఏ మగదీ తేల్చుకోలేదు, కాబట్టి పరిచయమున్న మగవాటి నుంచి కూనలకు ముప్పు తగ్గుతుంది.

మగ జట్లలో పంపకాల సంగతి కూడా వాళ్లే చూశారు. ఇద్దరున్న జట్టులో పెద్దది డెబ్బై శాతానికి పైగా జతకట్టే అవకాశాలు తనే తీసుకుంటుంది, తిండిలో కూడా ఎక్కువ వాటా తింటుంది. అయినా రెండోది జట్టు వదిలి వెళ్లదు. గిర్‌లో ఒంటరిగా తిరిగే మగ సింహానికి దొరికేది ఆ చిన్న వాటా కంటే కూడా తక్కువ.